మిరప కళ్లంలో వియ్యంకుడి అలక

ఆ రోజు నేను చేసిన తప్పు చెప్పడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. కూర్చోవలసిన చోట కూర్చోలేదు. కూర్చోకూడని చోట కూర్చున్నాను. అంతే.

మనిషి నాలుగడుగులు అటో ఇటో కూర్చుంటే కొంప మునుగుతుందా అని మీరు అడగవచ్చు. మా అబ్బాయి పెళ్ళి వీడియో చూసినవాళ్ళు మాత్రం అడగరు. అందులో పెళ్ళికొడుకు తండ్రి పీట మీద మా తోడల్లుడు నిండుగా కూర్చుని ఉంటాడు. తల్లి పీట మీద మా వదినగారు, అంటే నా భార్య అక్కగారు, అక్షింతలు పట్టుకుని చిరునవ్వు నవ్వుతూ ఉంటారు. కొడుకును కని పెంచిన నా భార్య ఇందిర మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, దొరికితే నమిలేస్తానన్నట్టు ఎవరికోసమో గేటు వైపు చూస్తూ ఉంటుంది. నేను ఎంత వెతికినా కనిపించను. ఆఖరున ఒక్కసారి ప్రత్యక్షమై ఏడుస్తాను. నేనొక్కణ్ణే కాదు, నా కండువా తగిలిన ప్రతివాళ్ళూ ఏడుస్తారు.

చూసినవాళ్ళు "ఎంత ఆపేక్ష గల కుటుంబమండీ!" అంటారు. నేను తల వంచుకుని ఊరుకుంటాను. ఇంక ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగమంతా పాల్వంచలో, కరెంటు తయారయ్యే చోట, షిఫ్టుల్లోనే గడిచింది. ఎర్ర దీపం వెలిగితే పైవాడికి చెప్పాలి. పైవాడు నొక్కమన్నది నొక్కాలి. ఇంట్లోనూ నా పని దాదాపు అదే. కాకపోతే ఇంట్లో ఎర్ర దీపం ముందుగా వెలగదు. కాలనీలో ఏ కమిటీలోనూ నన్ను వెయ్యలేదు. వినాయక చవితి పందిరికి తాడు పట్టుకోమన్నారే గాని ముడి వెయ్యమని ఎన్నడూ అనలేదు. అలాంటి నాకు ఒక ఉదయం ఏ పరీక్షా, ఏ ఇంటర్వ్యూ లేకుండా పెద్ద పోస్టు వచ్చిపడింది. మా కిరణ్ తనతో పాటు పనిచేసే శ్రావణి అనే అమ్మాయిని చేసుకుంటానన్నాడు. రెండు ఇళ్ళవాళ్ళూ సరేనన్నారు. నేను వియ్యంకుణ్ణయిపోయాను.

చూశారా, మనిషికి హోదా ఎలా వస్తుందో! నిన్నటిదాకా సంతలో వంకాయలు ఏరుకున్నవాణ్ణి, నా కొడుకు ఎవరినో ఇష్టపడ్డాడు గనక కండువా కప్పించుకోదగ్గ మనిషినయ్యాను. పోస్టు వచ్చింది గాని పనేమిటో ఎవరూ చెప్పలేదు. అందుకని అనుభవం ఉన్నవాణ్ణి ఆశ్రయించాను.

ఆయనే మా తోడల్లుడు ప్రసాదరావుగారు. తిరుమలాయపాలెంలో వ్యవసాయం. ఇద్దరు కొడుకుల పెళ్ళిళ్ళు చేసినవాడు. నాకంటే పెద్దవాడు గనక అన్నయ్యగారంటాను. ఆ రెండు పెళ్ళిళ్ళలో ఆయన అలిగిన తీరు మా బంధువులు ఇప్పటికీ చెప్పుకుంటారు. మాది బోనకల్ దగ్గర పల్లె. మా తాతలూ ఆయన తాతలూ కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇటు స్థిరపడ్డారు. వస్తూ వస్తూ విత్తనాల మూటలతో పాటు మగపెళ్ళివారి అలకను కూడా జాగ్రత్తగా తెచ్చుకున్నారు. అది ఈ నేలలోనూ బాగానే మొలిచింది.

"తమ్ముడూ, వియ్యంకుడన్నాక ఒక్కసారైనా అలగాలి" అన్నాడాయన, మా క్వార్టర్ మేడ మీద కాళ్ళు చాపుకుని.

"ఎందుకండీ?"

"ఎందుకేమిటి? అలగకపోతే పెళ్ళికొడుకు తండ్రివి నువ్వని వాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

"నేను చెబుతాను కదా."

"చెబితే నీ పేరు తెలుస్తుందయ్యా. పరువు తెలియదు. ఇలా విను. కారణం చిన్నదై ఉండాలి. పెద్దదైతే నిజంగా గొడవైపోతుంది. ఆ కారణం నీ నోటితో చెప్పకూడదు. వాళ్ళే తెలుసుకోవాలి. ఫోను ఆపెయ్యాలి. ఫోనులో బతిమాలితే అది బతిమాలడం కాదు. కాళ్ళతో నడిచి రావాలి."

"రాకపోతే?"

"ఎందుకు రారు? నేనున్నాను కదా! మెల్లిగా వెళ్ళి చెవిన వేస్తాను. పరుగెత్తుకుంటూ వస్తారు. మూడుసార్లు అడిగాక లేచి రా. రెండోసారికే లేచావంటే నీ పరువూ పోతుంది, నేర్పినవాణ్ణి నా పరువూ పోతుంది."

ఇక అద్దం ముందు సాధన మొదలుపెట్టాను. ముక్కుపుటాలు ఎగరెయ్యడం, కండువా దులిపి భుజాన వేసుకోవడం, గడ్డం ఎత్తి ఎక్కడో దూరంగా చూడడం. ఇందిర ఒకసారి గుమ్మంలో నిలబడి చూసింది.

"పంటి నొప్పా? లవంగం పెట్టుకోండి."

"పన్ను కాదు."

"మరి మెడ పట్టిందా?"

నిజం చెప్పి ఉంటే సంగతి అక్కడితో తెగిపోయేది. "ఏం లేదులే" అన్నాను.

ఆవిడ ఆ రోజుల్లో పెళ్ళి చీర ధ్యాసలో ఉంది. ముదురాకుపచ్చ పట్టుచీర, మెరూన్ అంచు. "పీట మీద కూర్చున్నప్పుడు అంచు ఇలా కనబడాలి" అని మంచం మీద మఠం వేసుకుని చూపించింది. "చిన్నప్పటి నుంచీ అన్నిట్లోనూ మా అక్కే ముందు. గాజులు ముందు అక్కకే, జడగంటలు ముందు అక్కకే. ఈ ఒక్క రోజు నేను ముందు కూర్చుంటాను" అంది నవ్వుతూ. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

పెళ్ళి ఆడపిల్లవారి ఊళ్ళోనే. భద్రాచలం దారిలో టేకు చెట్లు మొదలయ్యే చోట ఇప్పలగుంపు అని చిన్న ఊరు. శ్రావణి నాన్న కోటయ్యగారు మిరప, పత్తి వేసే రైతు. మేము బస్సు దిగేసరికి డప్పులతో ఎదురొచ్చాడు.

"రండ్రి బావా, రండ్రి చెల్లెమ్మా. తొవ్వల తిప్పలేం కాలేదు గద? ఏం కావాలన్న నోరు తెరిసి అడుగుండ్రి. మాకు మర్యాదలు ఎక్వ తెల్వయి, అడిగితె మాత్రం లేదనం."

ఎంత తేటగా చెప్పాడో చూడండి. ఈ ఊరి వాడకం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. నా చెవికి అది మర్యాద కోసం అన్న మాటలా వినిపించింది. నా బుద్ధంతా తప్పు వెతకడంలో ఉంది మరి.

కానీ తప్పు దొరకాలి కదా! కాఫీ చల్లారిపోయి ఉంటుందని ఆశగా గుక్క వేశాను. నాలుక కాలింది. విడిదిలో నీళ్ళు ఉండవనుకున్నాను. కాగుల నిండా వేడినీళ్ళు, కొత్త సబ్బులు, కొత్త తువ్వాళ్ళు. టిఫిను దగ్గర గారెను తిప్పి తిప్పి చూశాను. చిల్లు కూడా సరిగ్గా నడిమధ్యే ఉంది. పరీక్షకు చదవని పిల్లవాడిలా చెమటలు పట్టాయి నాకు.

"అన్నయ్యగారూ, ఏమీ దొరకడం లేదండీ" అని గుసగుసలాడాను.

"సరిగ్గా వెతకవయ్యా. ముహూర్తం దగ్గర పడుతోంది. నువ్వు అలిగేదెప్పుడు, వాళ్ళు బతిమాలేదెప్పుడు?" అని ఆయన కసిరాడు.

అప్పుడు దొరికింది. పందిట్లో నాకు వేసిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఊగింది. అటు ఒరిగితే టక్. ఇటు ఒరిగితే టక్. తప్పిపోయిన గేదె దొరికినంత సంబరమైంది నాకు. రూఢి చేసుకోవడానికి మరోసారి ఊగాను. టక్. చాలు. లేచాను. ముక్కుపుటాలు ఎగరేశాను. కండువా తీసి ఫెళ్ళున దులిపాను. పక్కనున్న ముసలాయన నా వైపు చూసి, "అవ్, ఈగలు బాగున్నయి" అన్నాడు సానుభూతిగా.

దాన్ని లెక్కచెయ్యకుండా ఫోను ఆపేసి, గడ్డమెత్తి పందిట్లోంచి నడిచి బయటికొచ్చాను. ఒక్కరూ ఆపలేదు. ఒకామె మాత్రం "బాత్‌రూం అటు దిక్కుంది అన్నా" అని దారి చూపించింది.

అలిగినవాడు కూర్చునే చోటు పందిరికి దూరంగా ఉండాలి, కాని పందిట్లోకి కనబడుతూ ఉండాలి. ఇల్లు దాటాక కోటయ్యగారి మిరప కళ్లం ఉంది. ఎర్రటి కాయలు ఎండకు పరిచి ఉన్నాయి. పక్కనే పరదా నీడన నులక మంచం. మంచం మీద ఈ కొసన కూర్చుంటే పందిట్లోంచి నా ముఖం పక్కవాటుగా బ్రహ్మాండంగా కనబడుతుంది. కూర్చున్నాను.

గాలి కళ్లం మీంచి సూటిగా ఆ కొసకే వీస్తోందని నాకు తట్టలేదు.

మిరప కళ్లం తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఎండిన కాయలు కదలకుండా ఉన్నంతసేపు మంచివే. తిరగేశారో, ఆ ఘాటు లేచి మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. అక్కడ ఒక అవ్వ, కోటయ్యగారి చిన్నమ్మట, కర్రతో కాయలు తిరగేస్తోంది. మొదట ముక్కు చిటపటలాడింది. తరువాత తుమ్ము. ఆ తరువాత కళ్ళు. అసలే దూరంగా చూడడం అలవాటు చేసుకున్న కళ్ళు, పైగా రెప్ప వెయ్యకుండా బిగపట్టి ఉన్నానేమో, ధారలు కట్టాయి. తుడుచుకుందామంటే అలక చెడుతుందేమో! అలాగే ఉండిపోయాను.

అంతలో ఇంటి వెనక నుంచి కోటయ్యగారు వస్తూ కనిపించాడు. అన్నయ్యగారు తన పని చేశాడన్నమాట! నేను గడ్డం ఇంకో అంగుళం ఎత్తాను. మొదటిసారి అడుగుతాడు, పలక్కూడదు. రెండోసారి అడుగుతాడు, నిట్టూర్చాలి. కోటయ్యగారు కంచె దాకా వచ్చి ఆగాడు. నా చెంపల మీద కారుతున్న నీళ్ళు చూశాడు. తన కండువా తీసి కళ్ళొత్తుకున్నాడు. అవ్వను సైగతో పిలిచి ఏదో చెప్పి, శబ్దం కాకుండా అడుగులేసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఒక్కసారి కూడా అడగలేదు!

"ఏమైందవ్వా? ఆయన ఎందుకు వెళ్ళిపోయాడు?" అన్నాను ఆగలేక.

"నిన్ను కదిలియ్యొద్దని చెప్పిండు బిడ్డా. నీకు సచ్చిపోయిన అమ్మనాయన యాదికొచ్చిన్రట గద. మా దిక్కు గంతే, ఎవరన్న ఒక్కడే కూసోని ఏడుస్తుంటె కదిలియ్యం. ఏడ్వు, ఏడ్వు. కడుపుల పెట్టుకోకు."

"నేను ఏడవడం లేదవ్వా. ఇది ఘాటు."

"ఘాటయితె గాలికెదురుంగ కూసునుడేంది? ఇటు జరుగు."

"ఈ కొస నుంచైతేనే పందిట్లోకి కనబడతాను."

అవ్వ కర్ర పట్టుకుని నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ఇక దాచి లాభం లేదనిపించింది.

"నేను అలిగానవ్వా."

"అలిగినవా? ఎవలి మీద?"

"మీవాళ్ళ మీద."

"వాళ్ళకు ఎరుకనా?"

"లేదు."

"మరి ఈడ కూసుంటె వాళ్ళకెట్ల ఎరుకైతది? నేను పోయి చెప్పాల్నా?"

చదువుతున్నవారు ఇక్కడ కాసేపు ఆగి నన్ను తిట్టుకోవచ్చు. దేవుడు అవ్వ రూపంలో వచ్చి, నీ తప్పు దిద్దనా అని అడిగాడు. నేనేమన్నానో తెలుసా?

"వద్దు. వాళ్ళే తెలుసుకోవాలి."

"మంచిగుంది!" అని అవ్వ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుని, చేతిలోని కర్ర నా చేతిలో పెట్టింది. "నువ్వెట్లాగు లేవవు. జర మేకలు రాకుండ సూస్తుండు. మనుమరాలి పెండ్లి, నేను సూసొస్త."

"అవ్వా, నేను పెళ్ళికొడుకు తండ్రిని!"

"అయితె ఇంకా మంచిదే. మనింటోడివే" అంటూ వెళ్ళిపోయింది.

అలా నేను వియ్యంకుడి పోస్టు నుంచి కళ్లం కావలి పోస్టుకు బదిలీ అయ్యాను. దీనికి కూడా పరీక్ష లేదు, ఇంటర్వ్యూ లేదు. ఖాళీగా కనబడడమే అర్హత.

మైకులో పంతులుగారి గొంతు వినబడింది. "వరుని తల్లిదండ్రులు పీటల మీదకు రావాలి."

నా ఛాతీ ఉప్పొంగింది. ఇప్పుడు తెలుస్తుంది నేను లేనన్న సంగతి! ఇప్పుడొస్తారు!

"వరుని తల్లిదండ్రులు. త్వరగా రావాలి."

రెండోది. మైకులో పిలుపు లెక్కలోకి వస్తుందో రాదో అన్నయ్యగారు చెప్పలేదు. కాళ్ళతో నడిచి రావాలన్నాడు కదా, మైకుకు కాళ్ళు లేవు. ఎందుకైనా మంచిదని ఇంకొంచెం కూర్చున్నాను. అదే సమయానికి మేకలు వచ్చాయి.

ఒకటా రెండా, మందకు మంద. ఊళ్ళో మనుషులందరూ పందిట్లో ఉన్నారని వాటికి ఎవరు చెప్పారో! నేను "హేయ్! హేయ్!" అంటూ కర్ర ఎత్తుకుని ఈ చివరికి పరుగెత్తితే అవి ఆ చివరికి దూకుతున్నాయి. కాళ్ళ కింద కాయలు పటపటలాడుతున్నాయి. ప్రతి గెంతుకూ ఘాటు లేస్తోంది. తుమ్మి, పరుగెత్తి, మళ్ళీ తుమ్మి, నేను ఒక మేక కొమ్ము పట్టుకుని ఉన్న ఆ క్షణంలో మైకు మళ్ళీ పలికింది.

"జంటగా ఉండాలమ్మా, మీరొక్కరే కూర్చుంటే కుదరదు. ముహూర్తం మించిపోతుంది. పెత్తండ్రి, పెత్తల్లి వరసవారున్నారుగా! ప్రసాదరావుగారూ, దంపతులు వచ్చి కూర్చోండి. ఆఁ, అలా సర్దుకోండి. కానివ్వండి."

నా చేతిలోంచి మేక జారిపోయింది. పంతులుగారు "మీరొక్కరే" అన్నది ఎవరితోనో నాకు తెలుసు. ముదురాకుపచ్చ చీర, మెరూన్ అంచు, మంచం మీద మఠం వేసుకుని నవ్విన ముఖం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి. నేను లేకపోతే వాళ్ళకు లోటు తెలుస్తుందనుకున్నాను గాని, నేను లేకపోతే ఆవిడ పీట కూడా పోతుందని అనుకోలేదు.

అప్పుడు పరుగెత్తాను. అడ్డదారి కళ్లం మీదుగానే. నడిమధ్యలో కాలు జారింది. పొట్ట ఆనేలా మిరపకాయల్లో పడి, రెండు చేతులూ మోచేతుల దాకా దిగబడి, కండువా దాని ఇష్టం వచ్చినట్టు పొర్లి, ఎలాగో లేచి, గట్టిమేళం మోగుతుండగా పందిట్లో అడుగుపెట్టాను. జీలకర్ర బెల్లం అయిపోయింది.

ఇందిర మూడో వరసలో ఉంది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"ఎక్కడికెళ్ళారు?"

"అలిగాను."

"ఎవరి మీద?"

"కుర్చీ మీద."

ఆవిడ నన్ను చూసింది. కోపంగా చూస్తే ఓర్చుకునేవాణ్ణి. "కోటయ్యన్నయ్య వచ్చి మీరు మామయ్యగారినీ అత్తయ్యగారినీ తలుచుకుని ఏడుస్తున్నారు, కదిలించకమ్మా అన్నాడు" అంది నెమ్మదిగా. "మామయ్యగారు పోయిన రోజున కూడా మీరు అంతసేపు ఏడవలేదు. అయినా నమ్మాను. ఫోను చేస్తే స్విచాఫ్. ఒకవేళ నిజంగానే ఏడుస్తున్నారేమోనని ఊరుకున్నాను." చీర అంచు సర్దుకుంది. అక్కడ ఆ అంచు ఎవరికీ కనబడదు.

పీట మీద నుంచి అన్నయ్యగారు నన్ను చూసి చేతులు తిప్పాడు. నన్నేం చెయ్యమంటావన్నట్టు. తరువాత అడిగితే చెప్పాడు: "నువ్వు కళ్లం దగ్గర కూర్చున్నావని కోటయ్యకు చెప్పాను. ఆయన చూసొచ్చి ఏడుస్తున్నావన్నాడు. అలిగాడని నా నోటితో చెబితే అలక విలువ పోదూ? ఇంతలో పంతులు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. లేద్దామనే అనుకున్నాను తమ్ముడూ. కాని పీట ఎక్కడా ఊగలేదు."

ఇక మిగిలింది అప్పగింతలు. "ఇప్పుడన్న బావగారు రావాలె" అని కోటయ్యగారు స్వయంగా వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "మనసు తేలికైందా బావా?"

"అయింది" అన్నాను. అబద్ధాలకు కూడా ఒక హద్దుండాలి. నాకు ఆ రోజు లేదు.

కోటయ్యగారు కూతురి చేతులు పాలలో ముంచి ముందు ఇందిర చేతుల్లో పెట్టాడు. తరువాత నా చేతుల్లో పెట్టాడు. తడి చేతులు తుడవాలి కదా! మామగారి హోదాలో, ఇదైనా సరిగ్గా చేద్దామని, నా కండువాతో శ్రావణి చేతులు శ్రద్ధగా, వేలు వేలునా తుడిచాను. పిల్లకు కళ్ళు చెమర్చి ఆ చేత్తోనే తుడుచుకుంది.

అంతే. కళ్ళు గట్టిగా మూసుకుని "అమ్మా!" అంది. చూస్తుండగానే ముఖం ఎర్రబడి చెంపలు తడిసిపోయాయి.

"నా బిడ్డె, నా బిడ్డె" అంటూ కోటయ్యగారు నా భుజం మీది కండువా లాగి ఆమె ముఖం తుడిచాడు. అదే కండువాతో తన కళ్ళూ ఒత్తుకున్నాడు. ఆయనకు ధార కట్టింది. ఆయన్ని చూసి కిరణ్ ముందుకొచ్చి, "ఏడవకండి మామయ్యా" అని కండువా అందుకుని సాయం చెయ్యబోయాడు. వాడికీ కట్టింది. ఇందిర కోడల్ని దగ్గరకు తీసుకుని చెంపకు చెంప ఆనించింది. నేను "వద్దు, వద్దు, కండువా ఇలా ఇవ్వండి" అని అరుస్తున్నాను. దుఃఖంలో కలవరిస్తున్నాననుకున్నారు.

"మామయ్యా, ఏందిది? కండ్లు మండుతున్నయి" అని శ్రావణి నా చెవిలో అంది.

"మిరపకాయలమ్మా."

"అయితె అది ఇంకెవ్వరికి ఇయ్యకుండ్రి!"

అప్పటికే అది వదినగారి చేతిలో ఉంది. పంతులుగారు గద్గదంగా, "ఇంత అనుబంధం నా సర్వీసులో చూడలేదు" అన్నారు. వీడియో అతను ఒక్కొక్కరి ముఖం దగ్గరికి కెమెరా తెచ్చి తీరికగా తీసుకున్నాడు.

బస్సులో ఇందిర కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక ఆ చీర మడతపెట్టి, బీరువాలో అన్నిటికన్నా కింద పెట్టింది. "ఇక దీనితో పనేముంది?" అని తనలో తను అనుకున్నట్టు అంది. ఆవిడ ఏ కళ్లానికీ వెళ్ళలేదు. ఎదురుగానే ఉండి అన్నం వడ్డించింది, మజ్జిగ పోసింది, ఫ్యాను వేసింది. నేను అద్దం ముందు అంత సాధన చేసినా రాని బాధ ఆ ముఖంలో ఏ ప్రయత్నమూ లేకుండా ఉంది. వంటింట్లోకి కాళ్ళతో నడిచి వెళ్ళి ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు.

"నన్నెందుకు బతిమాలతారు? ముందు ఆ కోటయ్యన్నయ్యకు నిజం చెప్పండి" అంది చివరకు.

మర్నాడే బస్సెక్కి ఇప్పలగుంపు వెళ్ళాను. కోటయ్యగారు కళ్లంలో చెల్లాచెదురైన కాయలు పోగు చేస్తున్నాడు. నిలబడే మొత్తం చెప్పాను. అద్దం, అన్నయ్యగారు, కుర్చీ, మేకలు, కండువా, ఏదీ వదల్లేదు. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"మీరు గట్ల ఏడుస్తుంటె, అమ్మనాయన యాదికొచ్చిన్రని అందరికి చెప్పిన గని, మా తోనే ఏమన్న తప్పయిందో ఏమో అని ఆ దినమంత నాకు మనసు మనసుల లేదు బావా. పిల్ల పెండ్లి గూడ సరిగ సూడలె. కుర్చి ఊగితె ఊగిందని అంటె అయిపోవు గద" అన్నాడు.

ఆయన పందిరి వేసిన చోటికి నన్ను తీసుకెళ్ళాడు. ఆ ఎర్ర కుర్చీ ఇంకా అక్కడే ఉంది. కూర్చోమన్నాడు. కూర్చున్నాను. టక్. కుర్చీ పట్టుకుని జానెడు పక్కకు జరిపాడు. మళ్ళీ కూర్చోమన్నాడు. కదల్లేదు.

"కుర్చి మంచిదే బావా. నేల ఎత్తుపల్లం. ఇంత జరిగితె అయిపోతుండె."

అప్పుడు నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఈలోగా అవ్వ వచ్చి, "అలక తీరిందా బిడ్డా? మేకలు తొక్కినయన్ని ఎవలు ఏరాలె?" అని గంప నా ముందు పడేసింది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, ఆ రోజూ మర్నాడూ విరిగిన కాయలు వేరు చేశాను. ఈసారి గాలికి ఎదురు కాని పక్కన కూర్చున్నాను.

ఇంటికి రాగానే ఇందిర అడిగింది. "చెప్పారా?"

"చెప్పాను."

"కుర్చీ సంగతి కూడా?"

"అదే ముందు చెప్పాను."

పెదవి కొస కొంచెం కదిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

పదహారు రోజుల పండుగ మా ఇంట్లో. అందరినీ పిలిచాను, వీడియో అతన్ని కూడా. వ్రతానికి కొత్త జంట పక్కనే మా ఇద్దరి పీటలు నేనే వేశాను. బీరువా అడుగు నుంచి చీర తీసి, "ఒక్కసారి" అన్నాను. ఇందిర కట్టుకుంది. వదినగారికీ అన్నయ్యగారికీ మూడో వరసలో ప్లాస్టిక్ కుర్చీలు. "అంచు బాగా కనబడుతోందే" అని వదినగారే అక్కడి నుంచి చెప్పారు. అందరూ సర్దుకున్నాక నేను లేచి నిలబడి, వియ్యాలవారి ఎదుట, పెళ్ళి చేయించిన పంతులుగారూ వ్రతం పంతులుగారూ సాక్షిగా, ఈ విధంగా ప్రమాణం చేశాను:

"ఈ క్షణం నుంచి నేను అలగదలిస్తే, ముందుగా నోటితో చెప్పి, కారణం వివరించి, ఎదుటివాళ్ళకు తీరిక ఉందో లేదో కనుక్కుని, ఫోను ఆన్‌లో ఉంచి, నా భార్య అనుమతి తీసుకుని, గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ అలుగుతాను. ఆమె పీట ఎక్కేవరకు అసలే అలగను."

"మేకలు?" అని గుర్తుచేసింది అవ్వ.

"మేకలు లేనిచోటే అలుగుతాను."

అందరూ నవ్వుతుండగా గంభీరంగా వచ్చి ఇందిర పక్కన పీట మీద కూర్చున్నాను.

టక్.

మా క్వార్టర్ గచ్చు కూడా ఎత్తుపల్లమే. ఇందిర తల తిప్పి నా వైపు చూసింది. మూడో వరసలోంచి అన్నయ్యగారు ఆశగా మెడ చాచాడు. కోటయ్యగారు కళ్ళు పెద్దవి చేశాడు.

నేను నోరు మెదపకుండా పీటతో సహా జానెడు పక్కకు జరిగాను.